ఎండిన గ్లాసు వాసన

పెబ్బేరు సంతల ఎడ్లను అమ్ముకొని వచ్చిన ఒక రైతు నన్ను అడిగిన మాటతోని ఇదంత మొదలైంది. అప్పుడు నేను వనపర్తిల ఒక మందు దుకాణంల కౌంటర్ మీద పనిచేస్తుంటి. రెండువేల మూడో, నాలుగో. సంత ఉన్ననాడు దుకాణం ముంగట నిలబడనీకె సందుండకపోయేది. ఆ పెద్దమనిషి తలగుడ్డ విప్పి చెమట తుడుచుకొని, ఇనుప జాలీ సందుల నుంచి నా మొహంలకు చూసి, "ఈ పైసలకు ఏది మంచిగుంటదో నువ్వే చెప్పు తమ్మీ" అన్నడు. మా సేటు ఎప్పుడూ ముందుకు తొయ్యమనే రమ్ము సీస ఒకటి తీసి చేతికిచ్చిన. దాని మీద దుకాణానికి మిగిలేది ఎక్కువ. "మస్తుగుంటది పెద్దనాయన, తీస్కపో" అన్న.

మళ్ల సంతకు ఆయన వచ్చిండు. జాలీ కాడ నిలబడి, కోపం లేకుంట అడిగిండు.

"నువ్వు చెప్పింది తాగిన. నాలిక మీద గోలీ నమిలినట్టు చేదు. తెల్లారి నెత్తి పలిగిపోయింది. నువ్వెప్పుడన్న తాగినవా అది?"

"లేదు" అన్న. అబద్ధం చెప్పనీకె నోరు రాలె.

"మరెట్ల చెప్పినవు?" అన్నడు. జవాబు కోసం ఆగకుండ వేరే సీస తీస్కొని పోయిండు.

మాది గద్వాల. చీరెలు నేసే ఇల్లు. మా నాయన మగ్గం మీద కంటె రంగుల కాగు కాడనే ఎక్కువ ఉండేటోడు. నూలు ఎంతసేపు ముంచాలె, ఎప్పుడు తియ్యాలె అన్నది గడియారం చూసి చెప్పేటోడు కాదు. పొయ్యి మీది కాగు మీదికి వంగి ఒక్క ఊపిరి పీల్చి, "ఇగ తియ్యి" అనేటోడు. రంగు దారానికి పట్టినంక ఆవిరి వాసన పల్చబడతది. నన్ను పక్కకు నిలబెట్టుకొని ఆ వాసన నేర్పిండు. నాకు ఆయన ముక్కు వచ్చింది గానీ, మగ్గం గుంతల కాళ్లు పెట్టి పొద్దంత కూసునే ఓపిక రాలె. పెండ్లయినంక వనపర్తికి వచ్చి ఈ పని పట్టుకున్న. అట్లాంటి ఇంట్ల పుట్టినోన్ని, వాసన గూడ చూడని సరుకును మస్తుగుంటదని చెప్పి అమ్మిన. ఆ రైతు తిట్టి ఉంటె మర్చిపోయేటోన్ని. తిట్టకపాయె.

మా దుకాణానికి నెలకొకసారి పాన్‌గల్ నుంచి ఒక రిటైరైన మిలిటరీ ఆయన వచ్చేటోడు. మందు కొననీకె కాదు. ఆయనకు మిలిటరీ క్యాంటీన్ల సీసల కోటా ఉండె. బ్యాంకుల పింఛన్ తీసుకొని, బస్సు వచ్చిందాంక మా అరుగు మీద కూసునేటోడు. పద్దెనిమిదేండ్లు నౌకరి చేసిండు. అందుల సగం ఆఫీసర్ల మెస్సుల గ్లాసులు నింపే పని. నేను ఆయన్ని మామా అని పిలుస్తుంటి, ఆయన నన్ను అల్లుడా అనేటోడు. చుట్టరికం ఏం లేదు. నా సంగతంత చెప్పి, "మామా, ఏది మంచిదో ఏది కాదో నాకు తెల్వాలె. నేర్పుతవా?" అని అడిగిన.

"తాగుడు నేర్పుమంటున్నవా, రుచి చూసుడు నేర్పుమంటున్నవా?"

"రుచే."

"అయితె నీ సెలవునాడు పొద్దుగాల పదింటికి వస్త. ఛాయ్ తాగొద్దు. బీడీ ముట్టొద్దు. బజ్జీలు, ఉల్లిగడ్డ అసలే వద్దు" అన్నడు.

ఇంట్ల నా భార్యకు చెప్పంగనే ఆమె చేతిల చీపురు ఆపింది. ఆమెది ధరూర్ దిక్కు, క్రిష్ణ ఒడ్డున వ్యవసాయం చేసే ఇల్లు. మందు వాసనంటేనే ఆమెకు పడదు. నేను దుకాణం నుంచి వస్తె అంగి బయటనే విప్పిచ్చేది.

"దుకాణంల అమ్మేది సాలదా, ఇల్లు గూడ దుకాణం చేస్తవా?"

"తాగం. రెండు చెంచాలు నోట్లె పోసుకొని ఉమ్మేస్తం."

"ఉమ్మేస్తరు?" అని నా దిక్కు, తలుపు కాడ నిలబడ్డ మామ దిక్కు చూసింది. మామ నిజమే అన్నట్టు తల ఊపిండు. "మింగితె మూడో గ్లాసుకు అన్నీ మంచిగనే ఉంటయి బిడ్డా. గందుకే ఉమ్మాలె" అన్నడు. ఆమె ఒక పాత బకెట్ తెచ్చి మా నడుమ పెట్టింది.

ఆనాడు అయిదు రకాల రమ్ములు పెట్టినం. నాలుగు మా దుకాణంల సొంత పైసలతోని కొన్నవి, చిన్న సీసలు. అయిదోది మామ క్యాంటీన్‌ది. సీస మీది కాగితం చూస్తె నాలిక దాని మాట వింటదని మామ చెప్పిండు. అందుకని నా భార్యను బతిమిలాడితె వంటింట్ల ఆమెనే గ్లాసులల్ల పోసి, ఏది ఏందో గోడ మీద సుద్దముక్కతోని రాసి పెట్టింది. మాకు నంబర్లే తెలుసు. ఒక్కో గ్లాసుల రెండు చెంచాల రమ్ము, రెండు చెంచాల నీళ్లు. ముందుగాల వాసన. నోరు జర తెరిచి చూడాలె, లేకుంటె ఘాటుకు ముక్కు మొద్దుబారుతది. తర్వాత నోట్లె పోసుకొని నాలిక కింద, బుగ్గలల్ల తిప్పి, ఉమ్మి, గుప్పెడు బొరుగులు నమిలి, నీళ్లు తాగి ఇంకొకటి.

మొదటి గ్లాసు ముక్కు కాడ పెట్టంగనే నాకు మా నాయన కాగు కాడ నిలబడ్డట్టయింది. ఇన్నేండ్లు ఆ సీసల నడుమ కూసొని నేను ఏం చూసిన? ఒకదాంట్ల బెల్లం పాకం ముదిరిన వాసన ఉంది. ఇంకొకదాంట్ల బెల్లం మాడిపోయి అడుగంటిన వాసన. మూడోదాంట్ల పైన ఏలక్కాయ లెక్క ఏదో ఎసెన్సు, దాని కింద ఉత్త స్పిరిట్. ఆ మూడోదే నేను రైతుకు ఇచ్చిందని తర్వాత గోడ రాత చూస్తె తెలిసింది. ఉమ్మినంక గూడ నాలిక వెనక చేదు పోలె. ఆయన చెప్పింది అక్షరాల నిజం.

నాలుగోది నోట్లె తిప్పి ఉమ్మి మామ కండ్లు మూసుకున్నడు. "ఇది నాది" అన్నడు. "పద్దెనిమిదేండ్లు తాగిన మందు. నిద్రల లేపి అడిగినా చెప్త. ఇదే మొదటిది, దీనికి సాటి లేదు." నాకూ నాలుగోదే మంచిగనిపిచ్చింది. బెల్లం, దాని వెనక ఎండిన ఖర్జూర పండు, నాలిక మీద మెత్తగ జారుడు.

నా భార్య వంటింట్ల నుంచి గోడ చూసి చెప్పింది. నాలుగోది మా దుకాణంల అన్నిటికంటె కింది అరల ఉండే సీస. దాని మీది కాగితం అడ్డదిడ్డంగ అంటిచ్చి ఉంటది, ఎవరూ అడగరు. క్యాంటీన్ రమ్ము రెండోది. మామ దానికి మూడో స్థానం ఇచ్చిండు.

ఆయన రుమాలు తీసి మీసాలు తుడుచుకున్నడు. నేను మాట మార్చుదమని చూసిన గానీ ఆయనే అన్నడు.

"మంచుల ఉన్నప్పుడు తాగినం అల్లుడా. రాత్రి పహరా దిగి వస్తె చేతులు కొయ్యల లెక్క ఉండేవి. అప్పుడు అది లోపటికి పోతె పాణం లేచివచ్చినట్టుండేది. నేను మెచ్చుకున్నది ఆ వేడిని. రుచి గింతే కావొచ్చు." జర ఆగి, "రాసుకో. నా మందుకు మూడో స్థానమే" అన్నడు.

ఆ మాటతోని నాకు ఆయన మీద ఉన్న గౌరవం రెండింతలైంది. తన నాలిక చెప్పిన నిజాన్ని ఇంకొకరి ముందట ఒప్పుకునుడు అందరికీ చేతగాదు.

తెల్లారి ఇంకొకటి జరిగింది. నా భార్య గ్లాసులు కడుగనీకె వాకిట్ల కూసున్నది. ఒకదాన్ని నీళ్లల్ల ముంచబోయి ఆపింది. ముక్కు కాడ పెట్టుకున్నది. తర్వాత ఇంకొకటి. నన్ను పిలిచింది.

"రాత్రంత ఎండినయి గద, ఇప్పుడు మందు వాసన లేదు. ఇది చూడు, బెల్లం గంపల చెయ్యి పెట్టినట్టుంది. ఇది చూడు, ఏం లేదు, ఉత్త గ్లాసు. ఇదేమో రంగు వాసన కొడతుంది."

నేను చూసిన. నిజం. మందుల ఘాటు ఎగిరిపోయినంక, లోపల ఏమున్నదో అదే అడుగున మిగిలింది. ఏమీ లేని గ్లాసు, నేను రైతుకు అంటగట్టిన దానిది. ఎసెన్సు ఘాటుతోనే పోయింది. నేనూ మామ పూటంత కూసొని నాలికలు కాల్చుకొని తెలుసుకున్నది, మందు చుక్క ముట్టకుండ ఆమె తెల్లారి చెప్పింది. ఆనాటి సంది మా పద్ధతి మారింది. పొద్దుగాల మేం నాలికతోని చెప్తం, తెల్లారి ఆమె ఎండిన గ్లాసుతోని చెప్తది. రెండూ కలిస్తేనే దాన్ని మంచిదని కౌంటర్ మీద చెప్తుంటి.

విస్కీలు పెట్టినప్పుడు ఈ ఎండిన గ్లాసే మాకు పెద్ద సంగతి చెప్పింది. మా దుకాణంల విస్కీ అని పేరున్నవి ఎన్ని పెట్టినా, తెల్లారి గ్లాసుల బెల్లం వాసనే. "పేరు ఏదైతేంది, ఇవన్నీ రమ్ము చెల్లెండ్లే" అన్నది నా భార్య. గింజలతోని చేసే మందు అని మేం అనుకునేది, అందుల చానవరకు చెరుకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్. అప్పటి నుంచి రమ్ము అంటె నాకు ఇష్టం పెరిగింది. రమ్ము తన పుట్టుక దాచుకోదు. బెల్లం బిడ్డనే అని చెప్పుకొని వస్తది, విస్కీ కంటె తక్కువకు వస్తది. సంతకు వచ్చినోళ్లు అడిగితె కింది అర సీస తీసి, "నేను తాగి చూసిన, దీంట్ల నీళ్లు సగం పోసుకో" అని చెప్తుంటి. కొన్ని నెలలకు ఆ సీస పై అరకు వచ్చింది. సేటు మొహం మాడ్చుకున్నడు గానీ, గిరాకీ పెరిగేసరికి సప్పుడు చెయ్యలె.

ఇగ జిన్ను. "ఈసారి జిన్ను పెడతం" అంటె నా భార్య జున్ను అనుకొని, "ఎవరి బర్రె ఈనింది?" అని అడిగింది. మా దిక్కు జిన్ను ఎవరూ కొనరు. రెండే రకాలు ఉండె, రెండిటి మీద దుమ్ము. మామకు జిన్నంటె పడదు. మెస్సుల ఆఫీసర్లకు పోసి పోసి, "దవాఖాన వాసన అల్లుడా" అనేటోడు. ఖరీదైన జిన్ను నిజంగనే ఆయన చెప్పినట్టు దవాఖానల దూది అద్దినట్టుండె. తక్కువ ధరదాంట్ల మాత్రం దంచిన ధనియాలు, నిమ్మకాయ తొక్క, ఎక్కడనో సాంబ్రాణి పొగ లెక్క ఒక వాసన. నిమ్మరసం, ఉప్పు, చల్లటి సోడా కలిపితె ఎండకాలం మధ్యాహ్నానికి దానికంటె మంచిది లేదు. మామ ఒక గుటక మింగిండు. బకెట్ వాడకపోవుడు అదే మొదటిసారి.

బర్బన్ అనే అమెరికా విస్కీ మాకు గద్వాల నుంచి వచ్చింది. మా నాయన రంగులేసిన నూలు తీసుకునే చీరెల వ్యాపారి కాడికి ఒక విదేశీ ఆమె వచ్చి బట్టలు కొనుక్కపోయేది. పోయేటప్పుడు ఒకసారి ఆయనకు ఒక సీస బహుమానంగ ఇచ్చింది. ఆయన మందు ముట్టని మనిషి. ఆ సీసను చీరెల బీరువాల మడతల వెనక దాచి, నేను ఊరికి పోయినప్పుడు పిలిచి, "ఇదేందో చూడు బాబూ. ఇంట్ల ఉంటె నాకు పరేషాన్‌గ ఉంది" అని సంచిల పెట్టి ఇచ్చిండు.

వనపర్తిల మామ ముందట తీసి పెడితె ఆయన సీసను రెండు చేతులతోని పట్టుకున్నడు. "బర్బన్. మెస్సుల ఒక్కసారే చూసిన. మూతకు అంటిన చుక్క గూడ నాకు దొరకలె" అన్నడు. మక్కజొన్నతోని చేస్తరని, లోపలి దిక్కు కాల్చిన కొత్త కట్టె పీపాలల్ల ఏండ్లకేండ్లు ఉంచుతరని సీస మీద రాసి ఉండె. పదో తరగతి ఇంగ్లీషుతోని కూడబలుక్కొని చదివిన. చెంచాలతోని పోసుకున్నం. మొదలు కాల్చిన మక్కకంకి. తర్వాత వడ్లాయన పని చేసేకాడ పడే కొత్త చెక్క పేళ్ల వాసన. చివరకు పాలకోవా అడుగంటిన తీపి. ఆ తీపి బెల్లానిది కాదు, చెక్క నుంచి వచ్చింది. తెల్లారి గ్లాసు వాసన చూసి నా భార్య, "ఇది మన రమ్ము చుట్టం కాదు. ఇది వేరే ఇల్లు" అన్నది.

మంచిదా అంటె మంచిదే. కానీ పట్నంల ఆ సీస ధర ఎంతో విన్నంక నేను మామతోని గట్టిగనే అన్న. "మన కింది అర రమ్ము కంటె ఇది రెండింతలు మంచిది మామా. పదింతలు మాత్రం కాదు." ఆ సీస మాకు ఏడాదిన్నర వచ్చింది. నెలకొకసారి చెంచాడు చూసి, ఆ వాసనను మర్చిపోకుండ మూత పెడుతుంటిమి.

నాగర్‌కర్నూల్ సంగతి ఆ తర్వాతది. మా సేటు దోస్తు ఒకాయన అక్కడ పల్లినూనె మిల్లు నడిపేటోడు. సావుకారు అనేటోళ్లందరు. ఆయన రెండో మిల్లు తెరుస్తున్నడు. పట్నం నుంచి పెద్దపెద్దోళ్లు వస్తున్నరు, మధ్యాహ్నం దావత్. ఏ మందు ఎవరికి, దేని తర్వాత ఏది పొయ్యాలె అన్నది చూడనీకె నన్ను పంపుమని సేటును అడిగిండు. నా భార్య అక్క నాగర్‌కర్నూల్‌లనే ఉంటది గనుక ఆమె గూడ నాతోని వచ్చింది. దావత్‌కు రెండు రోజుల ముందే బస్సెక్కినం.

సావుకారు మిల్లు ఆఫీసుల టేబుల్ మీద ఆరు సీసలు వరుసగ పెట్టి ఉండె. ఆరూ బర్బనే. ఒక రకం మూడు, ఇంకో రకం మూడు. "మా బామ్మర్ది తెచ్చిండు. ముఖ్యమైన వాళ్లకు ఇవే" అన్నడు. బామ్మర్ది పక్కనే కుర్చీల ఉన్నడు, ఇస్త్రీ చేసిన తెల్ల అంగి, చేతిల సెల్లు. రెండు రకాల రుచి చూసి ఏది ముందుగాల పొయ్యాల్నో చెప్పుమన్నడు సావుకారు.

మొదటి సీస మూత తియ్యంగనే నాకు తెలిసిపోయింది. మడ్డి స్పిరిట్, పైన ఐస్‌క్రీమ్ ఎసెన్సు. రెండోది తీసిన. అది అసలుది. మళ్ల మూడోది నకిలీ. ఏమీ అనకుండ ఆరింటినీ చూసిన. సావుకారును పక్కకు పిలుస్తమనుకున్న గానీ, నా మొహం చూసి ఆయనే అడిగిండు.

"ఏమైంది?"

"సావుకారు, వీటిల రెండే అసలువి. నాలుగు కావు."

బామ్మర్ది కుర్చీల నుంచి లేవలె. నవ్విండు. "క్వార్టర్లు అమ్మేటోనివి, నీకు బర్బన్ ఏం ఎరుక?"

"రోజూ తాగను గానీ ఎరికనే అన్నా" అన్న. ఆ మాట ఇప్పుడు గూడ సంతోషంగ చెప్పుకుంట. "నా ఒక్కని మాట నమ్మొద్దు. ఆరు గ్లాసులల్ల జరంత జరంత పోసి, వొంపేసి, గట్లనే ఎండనిద్దం. నేను ఏ రెండు అంటున్ననో చిట్టి మీద రాసి సావుకారు జేబుల పెడత. రేపు పొద్దుగాల ఇంకొకరిని తోల్కొస్త. ఆ మనిషి మందు ముట్టదు. వాసన చూసి చెప్తది."

"ఎవరు?" అన్నడు సావుకారు.

"నా ఇంటామె."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నరు. సావుకారు సరే అన్నడు. గ్లాసుల కింద నంబర్ల చిట్టీలు ఆయనే అంటిచ్చి, గది తాళం తన జేబుల ఏసుకున్నడు.

ఆ పొద్దుగూకే యాళ్లకు వదినె ఇంట్ల నా భార్య చాటల బియ్యం ఏరుతుంది. సంగతి చెప్పిన, ఏ రెండో మాత్రం చెప్పలె. ఆమె చెయ్యి ఆపకుండనే అడిగింది.

"మగోళ్ల ముందట నిలబడి మందు గ్లాసులు వాసన చూడాల్నా నేను?"

"ఇష్టం లేకుంటె వద్దు. ఏదో ఒకటి చెప్పుకుంట."

"నువ్వు చెప్పింది తప్పయితె?"

"నా పేరు పోతది."

"నీ పేరు పోతె నాది ఉంటదా?" అని చాట చెరిగి పక్కకు పెట్టింది. "వస్త. నువ్వు నా దిక్కు చూడొద్దు. నువ్వు చూస్తె నా ముక్కు పక్కదారి పడతది."

పొద్దుగాల ఆఫీసుల సావుకారు, బామ్మర్ది, నేను ఉన్నం. సావుకారు భార్య గూడ వచ్చి తలుపు కాడ నిలబడ్డది, ఆమెకు ఈ ఎవ్వారం వింతగ అనిపిచ్చి ఉంటది. బామ్మర్ది గ్లాసులను తన చేతులతోని తారుమారు చేసి పెట్టిండు. నా భార్య లోపలికి వచ్చి అందరికీ దండం పెట్టి, పైకి చూసి, "ఫ్యాన్ బంద్ చెయ్యిన్రి" అన్నది. ఫ్యాన్ ఆగిందాంక నిలబడ్డది. తర్వాత ఒక్కో గ్లాసు తీసుకొని, కండ్లు మూసుకొని, ఒక్కొక్కటే ఊపిరి. తొందరపడలె. ఆరూ అయినంక మళ్ల మొదటి నుంచి చూసింది. నేను కిటికీల నుంచి బయట పల్లికాయ కుప్ప దిక్కు చూస్తున్న.

గ్లాసు టేబుల్ మీద జరిపిన సప్పుడైంది.

"ఈ రెండు వేరే" అన్నది. "వీటిల కొత్త చెక్క ఉంది, కాల్చిన మక్క ఉంది. ఈ ఒకదాంట్ల జర మిరియం గూడ ఉంది. మిగిలిన నాలుగిట్ల బెల్లమే. పైన ఏదో వాసన కలిపిన్రు, అది సగం ఎగిరిపోయింది."

సావుకారు గ్లాసులు ఎత్తి నంబర్లు చూసిండు. జేబుల నుంచి నా చిట్టి తీసి విప్పిండు. రెండు, అయిదు. రెండుసార్లు చదివి, చిట్టిని బామ్మర్ది ముందట పెట్టిండు. బామ్మర్ది మొహంల నెత్తురు లేదు. ఆ మనిషిని అట్ల చూస్తుంటె గెలిచిన సంతోషం నాకు ఉండాల్సినంత లేకపాయె.

నా భార్యనే మాట అందుకున్నది. "ఈ అన్నను గూడ ఎవరో మోసం చేసిన్రు. సీసలు అసలువే గద, లోపల మార్చిన్రు. చూసి కనిపెట్టేది కాదది." తలుపు కాడ ఉన్న సావుకారు భార్య గట్టిగ ఊపిరి తీసుకున్నది, బామ్మర్ది ఆమె తమ్ముడు. ఆమె వచ్చి నా భార్య చెయ్యి పట్టుకొని లోపలికి తోల్కపోయింది.

నాలుగు సీసలను సావుకారు మోరీల పోపిచ్చిండు. "ఇప్పుడు ఏం పోద్దం?" అని నన్ను అడిగిండు. నేను ఒకరోజు ముందటి నుంచి అనుకున్నదే చెప్పిన. "ఎండలు ముదిరినయి. రాంగనే జిన్ను, నిమ్మకాయ, ఉప్పు, సోడా. తిండి మొదలైనంక మా కింది అర రమ్ము. అసలు బర్బన్ రెండు సీసలు చివరకు, ఒక్కొక్కరికి ఒక గుటకంత. రమ్మును రమ్ము అని చెప్పే పొయ్యాలె సావుకారు, పేరు దాచొద్దు."

"పట్నపోళ్లకు రమ్ము పోస్తె నవ్వరా?"

"తాగినంక నవ్వరు" అన్న.

దావత్ అట్లనే అయింది. సీసలు వనపర్తి నుంచి జీపుల తెప్పిచ్చినం. పట్నం నుంచి వచ్చిన ఒకాయన రమ్ము రెండోసారి పోపిచ్చుకొని సీస చూపియ్యమని అడిగిండు, వంకర కాగితం చూసి నమ్మలె. బర్బన్ రెండు రకాలనూ పక్కపక్కన పోసిన. మిరియం ఘాటున్నది నాకు ఎక్కువ నచ్చింది, పెద్దోళ్లకు మెత్తటి తీపిది నచ్చింది. రెండిట్ల ధర తక్కువది ఆ మిరియం ఘాటుదే అని తర్వాత తెలిసింది. దానికి నేను ఆశ్చర్యపోలె.

మూడు నాలుగు నెలలకు ఆ బామ్మర్ది వనపర్తిల మా దుకాణానికి వచ్చిండు. గిరాకీ లేని యాళ్ల. జాలీ కాడ నిలబడి, "నేను ఎరికె ఉండే తెచ్చిననుకున్నవా?" అని అడిగిండు.

"తెల్వదన్నా."

"సగం ఎరికె" అన్నడు. "ధర తక్కువ చెప్పిండు. ఎందుకు తక్కువని అడగలె. అడిగితె దొరకవేమో అనుకున్న." కొద్దిసేపు సీసల దిక్కు చూసిండు. "మా బావ ముందట మీ ఆమె నా మానం కాపాడింది. చెప్పు ఆమెకు." రమ్ము ఒకటి తీసుకొని పోయిండు. నేను ఏ రమ్ము ఇయ్యాలెనో ఆయన చెప్పలె, నేనే ఇచ్చిన.

సావుకారు ఆ పొద్దుటి సంగతి మర్చిపోలె. పల్లికాయ సీజన్ రాంగనే మనిషిని పంపిండు, నా కోసం కాదు. బస్తాల అడుగున బూజు పట్టిన పల్లి కలిపి తెచ్చేటోళ్లతోని ఆయనకు ఏండ్ల సంది నష్టం. నూనె ఆడినంక గానీ బయటపడకపోయేది. "మీ ఇంటామె వచ్చి లోడు దించే ముందు వాసన చూస్తదా? పనికి పని, జీతానికి జీతం" అని అడిగిచ్చిండు. నా భార్య రెండు దినాలు ఆలోచన చేసింది. బస్సు ఖర్చు విడిగ ఇయ్యాలె, బస్తా తానే కుట్టు విప్పిస్తది, తన మాటకు ఎదురు మాట ఉండొద్దు అని మూడు షరతులు పెట్టింది. సావుకారు ఒప్పుకున్నడు.

మొదటి నెలల్నే ఆమె ఒక పెద్ద వ్యాపారి లారీని వాపస్ పంపింది. ఆయన గేటు కాడ నిలబడి, ఆడమనిషి మాటకు లోడు తిప్పుతరా అని లొల్లి చేసిండట. సావుకారు బయటకు రాకుండనే, ఆమె చెప్పిందే ఖాయం అని చెప్పి పంపిండట. ఇంటికి వచ్చి నాకు ఈ సంగతి అన్నం తినుకుంట చెప్పింది, పొగరు లేకుంట, తక్కువ చేసుకోకుంట. కొంగుల పల్లిపొట్టు అట్లనే ఉండె.

వారానికి మూడు దినాలు ఆమె నాగర్‌కర్నూల్ బస్సెక్కేది, ఆ దినాలు వంట నాది. దుకాణం లైసెన్సు చేతులు మారినా కొత్తోళ్లు నన్ను తియ్యలె. రెండువేల పది రాకముందే నేను దుకాణం విడిచి, మేం నాగర్‌కర్నూల్‌కే మారినం, ఎందుకంటె ఆమె జీతం నా జీతాన్ని దాటింది. సీజన్ల పొద్దుగాల లారీలు గేటు బయట వరుసగ ఆగి ఉంటుండె. ఆమె ఛాయ్ తాగకుండ, నోట్లె ఏం ఏసుకోకుండ ఇంట్ల నుంచి నడిచి పోయేది. ఆమె మిల్లు కాడికి చేరిందాంక హమాలీలు బస్తా మీద చెయ్యి ఎయ్యకపోయేటోళ్లు.